రెండున్నర గంటలు

హైదరాబాదు నుంచి దమ్మాముకు
మూడువేల నూరు కిలోమీటర్లు, కొంచెం అటో ఇటో.
నాలుగున్నర గంటల పయనం.
నేను కొలిచింది కాదు,
జనం దిగిపోయినంక కూడ
సీటు వెనక చిన్న అద్దం మీద ఆరకుండ ఉండే లెక్క.
కింది గీతల: మిగిలిన దూరం, సున్న.
దాని మీద ఎవరి పిల్లగానిదో జిడ్డు వేలిముద్ర.
తడిబట్టతోని తుడుస్త.
ముద్ర పోతది. సున్న పోదు.

మాకిచ్చేది ఇరవై రెండు నిమిషాలు.
ఆరుగురం. నూటెనభై సీట్లు.
ముందు తలుపుల నుంచి వాళ్లు దిగుతుంటె
వెనక మెట్ల మీద నల్లసంచులు పట్టుకొని మేము.
లోపల ఇంకా వాళ్ల గాలే ఉంటది,
జండూబాము, కొబ్బరినూనె, చంటిపిల్ల కక్కిన పాలు.

అక్కడ నాలుగింటికి లేస్తది ఆ విమానం,
ఇక్కడ ఆరింటికి దిగుతది.
గడియారం ప్రకారం రెండే గంటలు.
మరి నడుమ రెండున్నర గంటలు ఎటు పోయినయని
కొత్తల ఓదెలును అడిగిన.
"ఉద్దెర ఇచ్చిండ్రు," అన్నడు,
"వాపసు పోయేనాడు కట్టించుకుంటరు."
నాలుగేండ్లాయె.
ఏజెంటు బాకీ తీరింది గని ఇది అట్లనే ఉన్నది.
వడ్డీ లేని అప్పు నా బతుకుల ఇదొక్కటే.

సెలవు వచ్చింది ఒకసారి.
టికెట్టు పైసలు చేతికి తీసుకొని
చేన్ల బోరు వేయించిన.
మూడువందల అరవై అడుగులు, దుమ్మే వచ్చింది.
అదొక దూరం.

క్యాంపు నుంచి విమానాల కాడికి నలభై కిలోమీటర్లు.
పోను నలభై, రాను నలభై.
నిద్రపట్టని ఒకనాడు లెక్కగట్టిన:
పదిహేనుసార్లు కోరుట్లకు పోయి రావచ్చునంత
ఇసుకల్నే తిప్పింది ఆ బస్సు నన్ను.

ఓదెలు నలభై దినాలు ఊరికి పోయి
వాపసు వచ్చేముందు రాత్రి ఫోన్ల పెట్టిండు:
ముప్పై ఒకటి, కిటికీ పక్క.

ఆ పొద్దు నేను బట్ట గూడ తడపకుండ
సీదా ముప్పై ఒకటికి ఉరికిన.
వాడు ముందు నుంచి దిగిపోయిండు,
నేను వెనక నుంచి ఎక్కిన,
కలవలె.
సీటు మీద అరచెయ్యి పెట్టిన. ఇంకా వెచ్చగున్నది.
ముందు సంచిల, ప్రమాదం వస్తె ఏం చెయ్యాల్నో చెప్పే బొమ్మల అట్ట వెనక,
కాగితం రుమాల్ల చుట్టిన సర్వపిండి ముక్క.

తిండి ఏది దొరికినా నల్లసంచిలకే,
కానూను.
మేస్త్రీ కుంజుమోన్ నా దిక్కు చూసిండు, ముక్క దిక్కు చూసిండు,
కిటికీకి మొకం తిప్పి
చానసేపు గొంతు సవరించుకున్నడు.

సాయంత్రం దాక పండ్ల సందుల నువ్వులు.

ఊరి నుంచి వచ్చినంక ఓదెలు
వారం దినాలు గడియారం తిప్పడు.
రూముల ఎనిమిది మందిమి,
అందరి ఫోన్లల్ల రెండు దేశాల టైమూ ఉంటది,
అయినా వాన్నే అడుగుతం.
మాకు మూడున్నర, కింద బస్సు హారను కొట్టే యాళ్ల.
వాని చేతి మీద ఆరు.
గంగజల బీడీల చాట దులిపి
తూనికాకు తడి చూసే యాళ్ల.
ఇంకో ముల్లు జరిగితె
సోమన్నపేట పాల ఆటో.

ఎనిమిదోనాడు జుమ్మా.
బట్టలు పిండి ఆరేసి, మంచం అంచుకు కూసొని
వాడు గడియారం చెవి గుంజిండు.
మేము చూస్తలేనట్టు చేసినం.
ఒకడు సబ్బు వెతికిండు, ఒకడు లుంగీ మడతేసిండు.
ముల్లు వెనుకకు నడిచింది:
పాల ఆటో వెనుకకు,
చాట వెనుకకు,
గంగజల లేచిన మంచం మీదికి వాపసు,
చీకటి.

టక్కుమని చెవి లోపలికి ఒత్తి
"ఛాయ్ ఎవలన్న పెట్టిన్రా?" అన్నడు ఓదెలు.
ఎవలం పెట్టలె.